ముదలాళి@123

తొండియార్‌పేటలో తిరువొత్తియూర్ హైరోడ్డు మీద ఏ లారీ ఆఫీసు మెట్లెక్కినా, ఏ ఇనుప సామాన్ల కొట్టు గడప తొక్కినా యజమాని, అంటే మన ముదలాళి గారు, ఒక మాట తప్పకుండా చెబుతారు. "ఇక్కడ యాపారం నమ్మకం మీద నడుస్తుంది సార్. మాలో మాకు దాపరికాల్లేవు. అందరం ఒక్క కుటుంబం."

దాపరికాల్లేవన్నది అక్షరాలా నిజం. జీఎస్‌టీ పాస్‌వర్డు గోడకున్న దినసరి క్యాలెండరు అట్ట మీద బాల్‌పెన్నుతో రాసి ఉంటుంది, వినాయకుడి బొమ్మకి కుడిపక్కన, రాహుకాలం యమగండం పట్టికకి కాస్త పైన. బ్యాంకు పాస్‌వర్డు మానిటరు అంచుకి అంటించిన పసుపు చీటీ మీద ఉంటుంది. జిగురు ఎండిపోయి చీటీ ఊడితే దాని మీద సెల్లోటేపు వేస్తారు. భద్రత విషయంలో ఆ మాత్రం శ్రద్ధ ఉంది. ఈ-వే బిల్లు పాస్‌వర్డు వాట్సాప్ గ్రూపులో పైకి పిన్ చేసి ఉంటుంది. ఆ గ్రూపులో ముదలాళి గారు, ఆయన బామ్మర్ది, ఇద్దరు గుమాస్తాలు, అరడజను డ్రైవర్లు ఉంటారు. పోయిన దీపావళికి పని మానేసి, రోడ్డుకి అవతలున్న పోటీ ట్రాన్స్‌పోర్టులో చేరిన సూపర్‌వైజరు కూడా ఉంటాడు. తీసేస్తే నొచ్చుకుంటాడని తీయలేదు. కుటుంబమన్నాక ఆ మాత్రం మొహమాటాలు ఉంటాయి.

అదే ముదలాళి గారికి వెనక గదిలో ఇనప్పెట్టె ఒకటుంది. దాని తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడుతుంది. స్నానానికి వెళ్ళినా తీయరు, సొంత తమ్ముడికైనా ఇవ్వరు. అందులో ఉన్నదల్లా రెండు పాత దస్తావేజులు, తల్లిగారి కాసులపేరు, ఆయుధపూజ నాడు పెట్టిన వెండి రూపాయి. ఆయన అమ్మకాలు, కొనుగోళ్ళు, పన్నులు, బ్యాంకు నిల్వ, దారిలో ఉన్న సరుకు, రావలసిన బాకీలు అన్నీ ఉన్నది ముందు గదిలో, కంప్యూటర్లో. దాని తాళంచెవి క్యాలెండరు మీద.

ఇక ఆ పాస్‌వర్డుకొక వ్యాకరణం ఉంది. అది మద్రాసు నుంచి మచిలీపట్నం దాకా ఒక్కటే. ముందు ఇలవేల్పు పేరో, కంపెనీ పేరో, పెద్దమ్మాయి పేరో ఉంటుంది. మొదటి అక్షరం పెద్దది. తర్వాత ఒక @. ఆ తర్వాత 123. పెద్దక్షరం కావాలి, అంకె కావాలి, గుర్తు కావాలి అని వెబ్‌సైటు అడిగిందా, అడిగినవన్నీ ఇచ్చాం. ఇంకేం కావాలి? జీఎస్‌టీ పోర్టల్ 120 రోజులకోసారి పాస్‌వర్డు మార్చమంటుంది. మారుస్తాం. 123 కాస్తా 124 అవుతుంది. మార్చే ముందు రాహుకాలం చూస్తాం కూడా. పాతది కొట్టేసి పక్కన కొత్తది రాస్తాం కాబట్టి, డిసెంబరు వచ్చేసరికి క్యాలెండరు అట్ట మీద కంపెనీ పాస్‌వర్డుల వంశవృక్షం తయారవుతుంది. తర్వాత వచ్చేది ఏదో చెప్పడానికి హ్యాకరు అక్కర్లేదు, టీ తెచ్చే కుర్రాడు చాలు.

ఇక్కడ ముదలాళి గారి తరఫున ఒక మాట చెప్పాలి. ఈ పెద్దక్షరం, అంకె, గుర్తు తద్దినమంతా ఆయన పెట్టుకున్నది కాదు. 2003లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే అధికారి రాసిన మార్గదర్శకాల్లోంచి ఇది లోకమంతా పాకింది. 2017లో, ఉద్యోగ విరమణ చేశాక, తాను రాసినదాంట్లో చాలా భాగానికి ఇప్పుడు విచారిస్తున్నానని ఆయనే వాల్ స్ట్రీట్ జర్నల్‌తో చెప్పారు. అదే ఏడాది నిస్ట్ ఆ నియమాలను తిరగరాసింది. గుర్తులూ అంకెల కోసం జనాన్ని వేధించొద్దు, గడువు పెట్టి మార్పించొద్దు, దొంగతనం జరిగిందని తెలిస్తేనే మార్పించండి, పొడవుగా పెట్టుకోనివ్వండి అంది. రాసినవాడు చెంపలేసుకున్నాడు, రాయించిన సంస్థ దిద్దుకుంది. మన పోర్టళ్ళు మాత్రం ఇంకా 120 రోజుల దగ్గరే ఉన్నాయి, మనం 124 దగ్గర.

"బయటివాడెవడు వస్తాడు సార్ మా ఆఫీసుకి? ఉన్నదంతా మనవాళ్ళే" అనేది రెండో మాట. దీనికి జవాబు పాస్‌వర్డు పుట్టుకలోనే ఉంది. కంప్యూటరు పాస్‌వర్డు పుట్టింది 1960ల మొదట్లో, అమెరికాలోని ఎంఐటీలో. ఒక్క యంత్రాన్ని చాలామంది పంచుకోవాల్సి రావడంతో, ఎవరి ఫైళ్ళు వాళ్ళకే ఉండాలని ఫెర్నాండో కోర్బటో బృందం ఆ ఏర్పాటు చేసింది. 1962కల్లా మొదటి దొంగతనం జరిగిపోయింది. దొంగ పేరు అలన్ షెర్, అక్కడి పరిశోధక విద్యార్థే. వారానికి తనకిచ్చిన నాలుగు గంటల యంత్ర సమయం చాలక, పాస్‌వర్డుల ఫైలు మొత్తాన్ని ప్రింటు తీయించుకుని పక్కవాళ్ళ ఖాతాల్లో పని చేసుకున్నాడు. తన పాపం తానే ఒప్పుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. అంటే పాస్‌వర్డు చరిత్రలో మొట్టమొదటి దొంగ కుటుంబ సభ్యుడే.

సరే, అమెరికా సంగతి మనకెందుకు. మన ఆడిటరు ఆఫీసుకి వెళదాం.

ఆడిటరు గారి గుమాస్తా బల్లకి మూడో సొరుగు ఒకటుంటుంది. అది తెరిస్తే బొటనవేలంత పెన్‌డ్రైవుల్లాంటివి యాభయ్యో అరవయ్యో గలగలమంటాయి. అవి డిజిటల్ సంతకాలు. ఒక్కోదానికి తెల్ల స్టిక్కరు, దాని మీద ఒక్కో డైరెక్టరు పేరు. వాటి పిన్ ఏమిటంటారా? చాలావాటికి తయారీదారు పెట్టి పంపిన 12345678 ఉంటుంది. మార్చినవాళ్ళవి స్టిక్కరు మీదే రాసి ఉంటాయి. గడువు తేదీ రాత్రి పదకొండు దాటాక ఆ సొరుగులోంచి ఎవరెవరి సంతకాలు జరుగుతాయో చూడాలి. ఒకాయన ఆ వేళకి తిరుమలలో క్యూ కాంప్లెక్సులో కూర్చుని ఉంటాడు. ఇంకొకాయన నెల్లూరులో మేనకోడలి పెళ్ళిలో అప్పగింతలకి కళ్ళు తుడుచుకుంటుంటాడు. అదే నిమిషంలో వాళ్ళిద్దరూ తొండియార్‌పేటలో బాలెన్సు షీటు మీద సంతకం పెడుతుంటారు. ఒకే వేళ రెండుచోట్ల కనిపించడం ఒకప్పుడు సిద్ధపురుషులకే సాధ్యమయ్యేది.

ఐటీ చట్టం 2000లో 42వ సెక్షను ఉంది. డిజిటల్ సంతకపు రహస్య తాళం సంతకందారుడి అదుపులోనే ఉండేలా తగిన జాగ్రత్త తీసుకోవడం అతని బాధ్యత అంటుంది. 66సి సెక్షను ప్రకారం ఇంకొకరి పాస్‌వర్డునో డిజిటల్ సంతకాన్నో మోసపూరితంగా వాడితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మన గుమాస్తా మోసం చేయడం లేదు, ముదలాళి చెప్పిన పనే చేస్తున్నాడు. రేపెప్పుడైనా ఆ సొరుగులోంచి జరగకూడని సంతకం ఒకటి జరిగితే, ముదలాళి "నేను పెట్టలేదు" అనాలి, గుమాస్తా "మీరే పెట్టమన్నారు" అనాలి. ఆ పెన్‌డ్రైవుకి ఎవరి వేలు తగిలిందో తెలియదు. కాగితం మీద నకిలీ సంతకానికైనా వంకరలు పోల్చి చూసే వీలుండేది.

సొరుగు పైన కంప్యూటర్లో ఒక ఎక్సెల్ ఫైలుంటుంది. దాని పేరే "పాస్‌వర్డ్స్ ఫైనల్ న్యూ 2". దొంగకి వెతుక్కునే శ్రమ కూడా లేదు. క్లయింట్లందరి జీఎస్‌టీ, ఆదాయపు పన్ను, పీఎఫ్, ఈఎస్‌ఐ పాస్‌వర్డులు వరసగా అందులో ఉంటాయి. మరి ఆ ఫైలుకి పాస్‌వర్డు? ఆడిటరు గారికి మరుపెక్కువ, అందుకని పెట్టలేదు.

2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చినప్పుడు హడావుడిలో చాలామంది వ్యాపారులు రిజిస్ట్రేషను మొత్తం మధ్యవర్తి చేతికే వదిలేశారు. ఆయన తన ఫోను నంబరు, తన ఈమెయిలు పెట్టి పని కానిచ్చాడు. ఆ తర్వాత ఫీజు దగ్గర మాటా మాటా వచ్చింది. వ్యాపారికి తన లాగిన్ తనకే అందకుండా పోయింది. ఇలాంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయంటే, 2018లో కేంద్రమే ఒక ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మధ్యవర్తులు తమ ఈమెయిలు, ఫోను ఇచ్చి ఇప్పుడు వివరాలు చెప్పడం లేదన్న వ్యాపారులు తమ పరిధిలోని పన్ను అధికారి దగ్గరికి కాగితాలతో వెళ్ళి మార్పించుకోవచ్చు అని. కొట్టు నాది, పేరు నాది, పన్ను నాది, తాళం మాత్రం ఆడిటరుది. దాన్ని విడిపించుకోవడానికి సర్కారు ఆఫీసుకి అర్జీ. నమ్మకం అంటే ఇది.

లారీ ఆఫీసువాళ్ళకి ఒక న్యాయమైన ఇబ్బంది ఉంది. దాన్ని ఎగతాళి చేయడం కుదరదు. హార్బర్ నుంచి బండి ఏ వేళకి బయటపడుతుందో దేవుడికి కూడా తెలియదు. ఈ-వే బిల్లు ఉంటేనే కదలాలి. రెండొందల కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన దాని ఆయుష్షు. గడువు తీరే వేళకి అటూ ఇటూ ఎనిమిదేసి గంటల్లో పొడిగించుకోవాలి, లేకపోతే దారిలో బండి ఆపేస్తారు. అర్ధరాత్రి ఒంటిగంటకి గుమ్మిడిపూండి దగ్గర బండి ఆగిపోతే పాస్‌వర్డు తెలిసినవాడొకడు మేలుకుని ఉండాలి కదా? అందుకే అందరికీ చెప్పాం అంటారు.

నిజమే. అయితే ఆ ఇబ్బంది ఈ-వే బిల్లు పోర్టల్‌కి ముందే తెలుసు. సబ్‌యూజర్ అని ఒక ఏర్పాటు మొదటినుంచీ అందులో ఉంది. ఒక్కో గుమాస్తాకి విడిగా లాగిన్ ఇవ్వొచ్చు, ఏ పని చేయొచ్చో, ఏది చేయకూడదో కట్టడి పెట్టొచ్చు, మానేసిన రోజున ఆపేయొచ్చు. పావుగంట పని. ఆ పావుగంట దొరక్క ఇన్నేళ్ళుగా వాట్సాప్ గ్రూపే నడుస్తోంది.

2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు లాగిన్‌కి ఓటీపీలాంటి రెండో తాళం అందరికీ తప్పనిసరి చేశారు. ఇప్పుడేం చేస్తారో చూద్దామనుకున్నాను. తొలి రోజుల్లో ముదలాళి గారు తొండియార్‌పేట స్టేషన్లో మెట్రో ఎక్కి, ఫోనులో "నాలుగు, తొమ్మిది, రెండు, రెండు... ఏమయ్యా రాసుకున్నావా?" అని బోగీ అంతా వినేలా ఓటీపీ చదివారు. రోజుకి ఇరవైసార్లు చదివి చదివి విసుగొచ్చి, శాశ్వత పరిష్కారం కనిపెట్టారు. పాత బటన్ ఫోనులో ఆ సిమ్ము వేసి ఆఫీసు బల్ల మీద పెట్టేశారు. దాని పేరు "ఓటీపీ ఫోను". తాళం పక్కనే రెండో తాళం, రెండిటి పక్కనే తాళంచెవులు. ఛార్జరు వైరుకి రబ్బరు బ్యాండు వేసి బల్లకోడుకి కట్టారు, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని. ఫోను ఖరీదు వెయ్యి రూపాయలు కదా!

వీళ్ళకి పాస్‌వర్డ్ మేనేజర్ అనే మాట చెప్పి చూడండి. అంతవరకు నమ్మకమే పెట్టుబడి అన్న మనిషికి ఒక్కసారిగా అనుమానం పుట్టుకొస్తుంది. "అన్నీ ఒకేచోట పెట్టమంటావా? అది పోతే? ఆ కంపెనీవాడు చూస్తే? ఏదో అమెరికావాడి చేతిలో మన తాళాలా?"

ఎంత చక్కని ప్రశ్నలు! క్యాలెండరుని ఒక్కనాడూ అడగని ప్రశ్నలు.

అన్నీ ఒకేచోట పెట్టొద్దంటున్నారు కదా, ఇప్పుడెక్కడున్నాయి? ఎక్కౌంటెంటు బుర్రలో. జీతం పద్దెనిమిది వేలు, పదకొండు గంటల డ్యూటీ, ఆదివారం కూడా ఫోను. ఆ బుర్రకి జ్వరం వస్తే ఆఫీసుకి జ్వరం వస్తుంది. నెల ఇరవయ్యో తేదీన, జీఎస్‌టీ త్రీబీ రిటర్ను రోజున, అతను బండి మీంచి పడి స్టాన్లీ ఆస్పత్రిలో చేరితే, ముదలాళి గారు పళ్ళు పట్టుకెళ్ళి మంచం పక్కన కూర్చుని అడిగే మొదటి ప్రశ్న "నొప్పెలా ఉంది?" కాదు.

మరి అమెరికావాడి చేతిలో వద్దన్న మాట? ఆ ఎక్కౌంటెంటు ఆఫీసు కంప్యూటర్లో క్రోమ్ తెరిచినప్పుడు అది "పాస్‌వర్డు దాచమంటారా?" అని అడిగింది. దాచమన్నాడు. ఆ క్రోమ్ ఎవరి జీమెయిలుతో తెరిచి ఉంది? అతని సొంత జీమెయిలుతో. కాబట్టి కంపెనీ బ్యాంకు పాస్‌వర్డు ఆ క్షణమే అతని ఫోనులోకి, ఇంట్లో పిల్లాడు ఆటలాడుకునే ట్యాబులోకి చేరిపోయింది. రేపు ఉద్యోగం మానేసినా అక్కడే ఉంటుంది. పాస్‌వర్డ్ మేనేజర్ మాకొద్దు అంటున్న ముదలాళి గారి దగ్గర పాస్‌వర్డ్ మేనేజర్ ఇప్పటికే నడుస్తోంది. గుమాస్తా పేరు మీద నడుస్తోంది, అంతే.

ఆయన తిట్టిపోసే ఆ వస్తువు నిజానికి చేసే పనేమిటి? ప్రతి ఖాతాకి ఇరవై పాతిక అక్షరాల పిచ్చి పాస్‌వర్డు ఒకటి అదే పుట్టిస్తుంది. ఏ రెండూ ఒకేలా ఉండవు, ఒకటి పోయినా మిగిలినవి పోవు. అన్నిటినీ గుప్తలిపిలోకి మార్చి ఒక పెట్టెలో పెడుతుంది. ఆ పెట్టె తెరుచుకునేది మీకొక్కరికే తెలిసిన ఒక పొడవాటి పాస్‌వర్డుతో. సరిగ్గా కట్టిన మేనేజర్లలో ఆ ఒక్కటి కంపెనీవాడి దగ్గర కూడా ఉండదు. అందుకే మీరు మర్చిపోతే వాడూ ఏం చేయలేడు. ఇంకో మేలు చాలామంది గమనించరు. అసలు పోర్టల్‌ని పోలిన దొంగ పేజీ, చిరునామాలో ఒక్క అక్షరం తేడాతో వచ్చిందనుకోండి. ఇరవయ్యో తేదీ రాత్రి మనిషి కన్ను మోసపోతుంది. మేనేజర్ మోసపోదు. చిరునామా కలవకపోతే పాస్‌వర్డు నింపదు. అది నింపడం లేదంటే ఆగి చూడమని అర్థం. మనవాళ్ళు ఆగరు, విసుక్కుని చేత్తో కొట్టేస్తారు. దానికి మందు లేదు.

ఆఫీసు రకం మేనేజర్లో ఎవరికి ఏ ఖాతా కనపడాలో యజమాని నిర్ణయిస్తాడు. మనిషి మానేస్తే ఒక్క మీటతో తీసేయొచ్చు. అతను అప్పటిదాకా చూసిన పాస్‌వర్డులు మాత్రం మార్చుకోవాలి, కళ్ళతో చూసినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి లాగలేదు. ఈ చివరి మాట అమ్మేవాళ్ళు చెప్పరు. వాళ్ళు "మిలిటరీ స్థాయి భద్రత" అంటారు. హైరోడ్డు మీద ఇనుప సామాన్ల కొట్టుకి మిలిటరీ ఎందుకో నాకు తెలియదు.

అప్పుడు బామ్మర్ది లేస్తాడు. ఏ ఆఫీసులోనైనా వాట్సాప్ యూనివర్సిటీ పట్టభద్రుడు ఒకడుంటాడు. "లాస్ట్‌పాస్ హ్యాకైంది తెలుసా?" తెలుసు. 2022లో హ్యాకైంది. ఆ కంపెనీ ఇంజినీరొకడు ఇంటి కంప్యూటర్లో సినిమాలు చూసుకునే ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేరు పాతది వాడుతున్నాడు. 2020లోనే దిద్దుబాటు వచ్చింది, వేసుకోలేదు. ఆ కన్నంలోంచి దూరి, కస్టమర్ల పెట్టెల నకళ్ళు ఎత్తుకుపోయారు. పెట్టెలు గుప్తలిపిలో ఉన్నాయి గాని, ఏ సైట్లలో ఖాతాలున్నాయో ఆ చిరునామాలు మాత్రం బాహాటంగా ఉన్నాయి. పెట్టె మీద పొడవాటి పాస్‌వర్డు వేసినవాళ్ళ గుట్టు విప్పడం కష్టం. "మురుగన్@123" వేసినవాళ్ళది కష్టం కాదు. బామ్మర్ది చెప్పింది నిజమే, కంపెనీ తప్పు ఘోరమైనదే, నేనైతే ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళను. కానీ దాన్నిబట్టి క్యాలెండరు అట్టే క్షేమం అని తేల్చడానికి బామ్మర్దులకే సాధ్యమయ్యే తర్కం కావాలి. ఇంటర్నెట్టు మీద పెట్టడం భయమైతే కీపాస్ ఉంది. 2003 నుంచీ ఉచితం, ఫైలు మీ కంప్యూటర్లోనే ఉంటుంది, నకలొకటి తీసి ఆ ఇనప్పెట్టెలో దాచుకోండి, పాపం అందులో చోటు చాలానే ఉంది.

"ఇదంతా పెద్ద కంపెనీల గొడవ సార్, మాలాంటి చిన్నవాళ్ళ జోలికెవరొస్తారు" అనే మూడో మాట ఒకటుంది. దానికి హైదరాబాదు మహేశ్ బ్యాంకు కథ చెప్పాలి. సహకార బ్యాంకు, మన వ్యాపారులు కట్టుకున్నదే. 2022 జనవరిలో 12 కోట్ల 48 లక్షలు ఎగిరిపోయాయి. పోలీసులు చెప్పిన ప్రకారం, అంతకుముందు బ్యాంకు ఉద్యోగులకి రెండొందలకి పైగా వల వేసే దొంగ ఈమెయిళ్ళు వచ్చాయి. వాటిని నొక్కింది ఇద్దరే. ఇద్దరు చాలు. లోపలికొచ్చాక చూస్తే సర్వాధికారాలున్న సూపర్ యూజర్లు పదిమంది దాకా ఉన్నారు, వాళ్ళలో కొందరి పాస్‌వర్డులు ఒక్కటే. అక్కడ కూడా ఒక్క కుటుంబం! 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షలు జరిమానా వేసింది.

లారీవాళ్ళకి లారీ కథే చెబుతాను. ఇంగ్లండులో కేఎన్‌పీ అని 158 ఏళ్ళ రవాణా కంపెనీ ఉండేది, ఐదొందల లారీలు. 2023లో ఒక ఉద్యోగి బలహీనమైన పాస్‌వర్డును ఊహించి హ్యాకర్లు లోపలికొచ్చారని అంటారు. లెక్కలన్నిటికీ తాళం వేసి డబ్బడిగారు. కంపెనీ మూతపడింది, ఏడొందల మంది రోడ్డున పడ్డారు. నీ పాస్‌వర్డు వల్లే ఇదంతా జరిగిందని ఆ ఉద్యోగికి చెప్పలేదని డైరెక్టరు బీబీసీతో అన్నాడు. ఆ పెద్దమనిషికి దండం పెట్టాలి. మన దగ్గరైతే పోలీసు స్టేషనుకి ముందు వెళ్ళేది ఎక్కౌంటెంటే.

పెద్దవాళ్ళని చూసి నేర్చుకుందామంటే వాళ్ళూ మన బాపతే. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో 2025 అక్టోబరులో పట్టపగలు నగల దోపిడీ జరిగింది. ఆ తర్వాత బయటపడిన 2014 నాటి తనిఖీ నివేదిక ప్రకారం, అక్కడ నిఘా కెమెరాల సర్వరుకి అప్పట్లో పాస్‌వర్డు "లూవ్ర్". ఒక @ కూడా లేదు! ఈ ఒక్క విషయంలో మన హైరోడ్డు కొట్లు ప్రపంచంలోకెల్లా గొప్ప మ్యూజియం కన్నా ఒక మెట్టు పైనే ఉన్నాయి. మన పార్లమెంటులో 2023 డిసెంబరు 8న ఎంపీ మహువా మొయిత్రా సభ్యత్వం పోయింది. వచ్చిన ఆరోపణల్లో ఒకటి, పార్లమెంటు పోర్టల్ లాగిన్ ఒక వ్యాపారవేత్తకి ఇచ్చారని. ఇచ్చింది ప్రశ్నలు టైపు చేయించడానికే, డబ్బు తీసుకోలేదు, ఓటీపీ నా ఫోనుకే వస్తుంది అని ఆమె వాదన. డబ్బు సంగతి అలా ఉంచండి. ఎంపీ గారికీ లారీ ఆఫీసుకీ టైపు చేసిపెట్టే మనిషి కావాలి, పాస్‌వర్డు చెప్పక తప్పదు, ఓటీపీ ఫోనులో చదవాలి. సమస్య ఒక్కటే, చేసిన పనీ ఒక్కటే.

నా కోపం ముదలాళి గారి మీద కన్నా ఆయన చెప్పే ఆ నమ్మకం మీద. నమ్మకమైతే ఇనప్పెట్టె తాళంచెవి కూడా గోడకి తగిలించాలి. తగిలించరు. తన సొమ్ము అనుకున్నదాని దగ్గర జాగ్రత్త, తనకి అర్థం కానిదాని దగ్గర నమ్మకం. పాస్‌వర్డు అందరికీ చెప్పడంలో ఔదార్యమేమీ లేదు. ఏదైనా జరిగితే ఎవరు చేశారో తేలదు, తేలకపోతే నింద అందరికన్నా తక్కువ జీతమున్నవాడి మీదికి జారుతుంది. ఎవరి లాగిన్ వాళ్ళకుంటే, ఏ వేళ ఎవరు ఏం చేశారో చిట్టా ఉంటుంది. ఆ చిట్టా ముదలాళి గారికన్నా ముందు కాపాడేది గుమాస్తానే. ఇలాంటి పాస్‌వర్డ్ మేనేజర్ కావాలని గుమాస్తాలే ధర్నా చేయాలి అసలు. కానీ వాళ్ళకి ఆదివారం కూడా సెలవు లేదాయె.

ఖర్చంటారా, డబ్బు కట్టే రకమైతే మనిషికి నెలకి కొద్ది డాలర్లే. ఆఫీసులో రోజుకి రెండుసార్లు వచ్చే టీల బిల్లు అంతకన్నా ఎక్కువ. ఆ బిల్లు మీద ఏ ముదలాళీ భద్రత గురించి ప్రశ్నించలేదు.

పాఠకులకొక మనవి. ఈ సాయంత్రం షట్టరు దించే ముందు మీ ఎక్కౌంటెంటుని కూర్చోబెట్టి అడగండి: "ఏం బాబూ, మన పాస్‌వర్డులు నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?" "ఎవరికీ తెలియవు సార్" అంటే వెంటనే అతని ఆరోగ్యం కనుక్కోండి, జీతం కూడా పెంచండి. "అందరికీ తెలుసు సార్" అంటే మీ ఆరోగ్యం చూసుకోండి. జవాబు ఏదైనా సరే, ఈ రాత్రికే కీపాస్ దింపుకోండి. డబ్బులడగదు. రాహుకాలం కూడా చూడక్కర్లేదు.